కంటి చుక్కలు సరిగ్గా వేసుకోవడం ఎలా? ఒక్క చుక్క చాలు, కానీ అది కంట్లో నిలవాలి

పోయిన ఏడాది మా నాన్నకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చుక్కల సీసా ఆరో రోజుకే ఖాళీ అయింది. రోజుకు ఆరుసార్లు, సారికి ఒక చుక్క అన్నారు కాబట్టి అప్పటికి పడాల్సింది 36 చుక్కలు. ఐదు మిల్లీలీటర్ల సీసాలో సుమారుగా వంద చుక్కలకు తక్కువ ఉండవు. మిగతావి ఎటు పోయాయి?

మర్నాడు కొత్త సీసా తెచ్చి, ఆయన వేసుకుంటుంటే పక్కన నిలబడి చూశాను. పడక్కుర్చీలో తల వెనక్కి వాల్చారు. కన్ను పెద్దగా తెరిచి, సీసా మూతిని రెప్ప వెంట్రుకలకు ఆనించి నొక్కారు. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది చెంప మీదికి జారింది. మూడోది కంట్లో పడగానే ఉలిక్కిపడి కన్ను గట్టిగా మూసి, నాలుగైదుసార్లు టపటపా రెప్పలు కొట్టి, భుజం మీది తువ్వాలుతో తుడిచేసుకున్నారు. "అయిపోయిందమ్మా" అన్నారు.

డాక్టర్ సరైన మందే రాశారు. నాన్న ఒక్క పూట కూడా మానలేదు. అయినా కంటికి అందాల్సిన మందులో ఎక్కువ భాగం తువ్వాలుకే అందింది. ఎన్నిసార్లు వేసుకోవాలో చీటీ మీద రాసిచ్చారు తప్ప, ఎలా వేసుకోవాలో ఎవరూ చేసి చూపించలేదు. తర్వాతి చెకప్‌లో ఒక నర్సమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి, ఆయన చేతికే సీసా ఇచ్చి రెండుసార్లు వేయించింది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో నేర్చుకున్నవి, ఆ తర్వాత అడిగి తెలుసుకున్నవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లో ఆపరేషన్ అయినవాళ్లున్నా, నీటికాసులకు (గ్లాకోమా, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బుకు) రోజూ మందు వేసుకునేవాళ్లున్నా పక్కన కూర్చుని ఒకసారి చదివి వినిపించండి.

ఒక్క చుక్కే ఎందుకు?

మన కంట్లో మామూలుగా ఉండే కన్నీరు ఏడెనిమిది మైక్రోలీటర్లు. ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతే ఒక మైక్రోలీటరు. కింది రెప్పకూ కనుగుడ్డుకూ మధ్య ఉండే సందు ఎంత సాగినా 30 మైక్రోలీటర్ల దగ్గర నిండిపోతుంది. సీసాలోంచి పడే ఒక్క చుక్క 30 నుంచి 50 దాకా ఉంటుంది. అంటే ఒక్క చుక్కకే కన్ను నిండి పొర్లుతుంది. రెండో చుక్క వేస్తే మొదటిదాన్ని కడిగేయడం తప్ప అది చేసే పని లేదు. "ఎందుకైనా మంచిదని ఇంకోటి వేశా" అనే మాట చాలా ఇళ్లలో వింటాం. అందులో మంచి ఏమీ లేదు, డబ్బు దండగ. కొన్ని మందుల విషయంలో ఒంటికి కూడా మంచిది కాదు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

చుక్క సరిగ్గా పడిందో లేదో నిజంగా అనుమానంగా ఉంటే మాత్రం ఇంకొకటి వేసుకోండి. రెప్ప లోపల చల్లగా తగిలితే పడినట్టే.

వేసుకునే ముందు: చీటీ, సీసా, మూత

మందుల చీటీలో ఆర్‌ఈ అని ఉంటే కుడి కన్ను, ఎల్‌ఈ అంటే ఎడమ, బీఈ అంటే రెండు కళ్ళు. కొందరు డాక్టర్లు పాత లాటిన్ పద్ధతిలో ఓడీ అని కుడికి, ఓఎస్ అని ఎడమకు, ఓయూ అని రెండింటికీ రాస్తారు. చిక్కంతా ఇక్కడే. మాత్రల చీటీల్లో ఓడీ అంటే రోజుకు ఒకసారి అని అర్థం. ఒకే అక్షరాలు, రెండు అర్థాలు. అందుకే ఊహించుకోకండి. "ఏ కంటికి, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు" అనే మూడు ప్రశ్నలూ డాక్టర్ గదిలోంచి బయటికి రాకముందే అడిగి, తెలుగులో రాయించుకోండి. మిగతా గుర్తులు తేలికే: బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడు, క్యూఐడీ అంటే నాలుగు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు.

సీసా మీద పేరు ప్రతిసారీ చదవండి, చూపు మసగ్గా ఉంటే ఇంకొకరితో చదివించండి. చెవి చుక్కల సీసా, కంటి చుక్కల సీసా పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. చెవిలో గులిమి కరగడానికి వేసే మందు కంట్లో పడితే కన్ను భగ్గుమంటుంది. అతికించే గమ్ ట్యూబును కంటి మందు అనుకుని వేసుకున్న కేసులు కూడా కంటి ఆసుపత్రులకు వస్తుంటాయి. అలా జరిగితే రెప్పలను బలంగా విడదీయకండి, నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇలాంటివి జరగకుండా ఉండాలంటే కంటి మందులకు వేరే డబ్బా పెట్టండి. మా ఇంట్లో పాత స్వీట్ బాక్స్ ఒకటి దానికే కేటాయించాం. అందులో ఇంకే వస్తువూ ఉండదు.

ఇక మూత సంగతి. మన దగ్గర అమ్మే చాలా సీసాల మూతి మూసుకుని ఉంటుంది. మూత తీసి ఎంత నొక్కినా మందు రాదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే జాకెట్‌కున్న పిన్నీసు తీసి పొడుస్తారు, లేదంటే బ్లేడుతో మూతి కోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పిన్నీసుతో పాటు దాని మీది మురికి కూడా లోపలికి పోతుంది. పైగా రంధ్రం పెద్దదై చుక్కకు బదులు ధార వస్తుంది. మూతను తిప్పి లోపలికి చూడండి, సన్నటి ప్లాస్టిక్ ముల్లు కనిపిస్తుంది. సీసా నిలబెట్టి, మూతను చివరిదాకా గట్టిగా తిప్పి బిగిస్తే ఆ ముల్లే సరైన కొలతలో రంధ్రం చేస్తుంది. కొన్నిటికి మూత కింద ఒక రింగు ఉంటుంది, ముందు దాన్ని తీసేస్తేనే మూత పూర్తిగా దిగుతుంది. మూత తెరిచాక ఆ రింగు మెడ దగ్గర వదులుగా ఆడుతుంటే తీసి పారేయండి. లేదంటే సీసా తలకిందులు చేసినప్పుడు జారి కంట్లో పడొచ్చు.

తెరిచిన రోజే సీసా మీద పెన్నుతో తారీకు వేయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

వేసుకునే పద్ధతి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. కారం, పచ్చిమిర్చి ముట్టుకున్న చేతులైతే రెండుసార్లు కడగండి. కంటి చుట్టూ పుసులు ఉంటే, మరిగించి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన దూది తడిపి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి. రెండో కంటికి కొత్త దూది.

2. సీసా మీద బాగా కదపమని ఉంటే పది సెకన్లు కదపండి. పాలలా తెల్లగా ఉండే మందుల్లో మందు పొడి అడుగున పేరుకుంటుంది. కదపకుండా వేస్తే మొదటి రోజుల్లో నీళ్లు, చివరి రోజుల్లో చిక్కటి మందు పడతాయి. శుక్లం ఆపరేషన్ తర్వాత వాడే ప్రెడ్నిసొలోన్ అసిటేట్, కంటి ఫంగస్‌కు వాడే నాటామైసిన్ ఇలాంటివే.

3. పడుకోండి, లేదా కుర్చీలో కూర్చుని తల పూర్తిగా వెనక్కి వాల్చండి. కొత్తవాళ్లకు పడుకుని వేసుకోవడమే సులువు.

4. ఒక చేతి చూపుడు వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగండి. రెప్పకూ గుడ్డుకూ మధ్య చిన్న సంచిలా గుంట ఏర్పడుతుంది. చుక్క పడాల్సింది అందులోనే, నల్లగుడ్డు మీద కాదు. నల్లగుడ్డు మీద పడితేనే కన్ను ఉలిక్కిపడి మూసుకుపోతుంది.

5. చూపు పైకి, ఇంటి కప్పు వైపు తిప్పండి. సీసాను చూడకండి. చూస్తే రెప్ప కొట్టకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

6. రెండో చేత్తో సీసాను తలకిందులుగా, నిటారుగా, కంటికి ఒక వేలి వెడల్పు ఎత్తులో పట్టుకోండి. మూతి కనుగుడ్డుకు గానీ, రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ తగలకూడదు. మెల్లగా నొక్కి ఒక్క చుక్క వేయండి.

7. రెప్పను వదిలి, నిద్రలో మూసుకున్నట్టు కన్ను నెమ్మదిగా మూయండి. గట్టిగా నొక్కిపెట్టి మూయకూడదు, టపటపా కొట్టకూడదు. రెప్ప కొట్టిన ప్రతిసారీ కన్నీటి కాలువ ఒక పంపులా పనిచేసి మందును ముక్కులోకి లాగేస్తుంది.

8. కన్ను మూసుకునే ఉండి, ముక్కు పక్కన కంటి మూల దగ్గర చూపుడు వేలితో మెల్లగా నొక్కి రెండు నిమిషాలు ఉంచండి. మీద కారినదాన్ని టిష్యూతో గానీ శుభ్రమైన గుడ్డతో గానీ అద్దండి. మూత పెట్టేయండి, మూతిని తుడవకండి. చేతులు మళ్లీ కడుక్కోండి.

ఎనిమిదో మెట్టు చాలామందికి తెలియదు. అసలు విషయమంతా అందులోనే ఉంది.

కంటి మూల ఎందుకు నొక్కాలి?

చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదుగా తగిలిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. కంటి మూలలో సన్నటి రంధ్రాలుంటాయి. కన్నీరు అక్కడి నుంచి ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. మందు కూడా అదే దారి పడుతుంది. మింగిన మాత్ర అయితే కాలేయం దాటుకుని రక్తంలో కలుస్తుంది. ముక్కు లోపలి పొర తాగిన మందుకు ఆ అడ్డు లేదు, నేరుగా రక్తంలోకి పోతుంది.

నీటికాసులకు వాడే టిమొలాల్ చుక్కలు దీనికి మంచి ఉదాహరణ. అది ఒంట్లోకి చేరితే గుండె వేగం తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పిస్తుంది. కంట్లో వేసిన చుక్కకూ రాత్రి పట్టిన ఆయాసానికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికి తడుతుంది? అందుకే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నాయని కంటి డాక్టర్‌కు మీరే నోరు తెరిచి చెప్పండి. అలాగే బీపీ చూసే డాక్టర్‌కు "కంట్లో ఫలానా చుక్కలు వేసుకుంటున్నాను" అని చెప్పండి. కంటి చుక్కలు కూడా మందులే. ఏం మందులు వాడుతున్నారని అడిగితే మాత్రల పేర్లు చెప్పి వీటిని వదిలేస్తాం.

మూల నొక్కి రెండు నిమిషాలు ఉంటే మందు కంట్లోనే ఎక్కువసేపు ఉంటుంది, ఒంట్లోకి తక్కువ పోతుంది. మా నాన్న ఆ రెండు నిమిషాలూ లోపల లోపలే హనుమాన్ చాలీసా మొదలుపెడతారు. గడియారం చూడాల్సిన పని లేకుండా పోయింది.

రెండు మూడు రకాల మందులుంటే

ఒకదాని వెంట ఒకటి వేయకండి. రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి, పది ఆగితే ఇంకా మంచిది. ఆయింట్‌మెంట్ ఉంటే అది ఎప్పుడూ ఆఖరున, చుక్కలైన పది నిమిషాల తర్వాత. ముందే జిడ్డు పూస్తే చుక్కల మందు లోపలికి దిగదు. ఆయింట్‌మెంట్‌ను కింది రెప్ప లోపల బియ్యపు గింజంత గీతగా పెడితే చాలు. కాసేపు చూపు మసకేస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు పెట్టుకోవడం హాయి.

రోజుకు ఆరుసార్లు అంటే రాత్రి లేచి వేయాలేమోనని కొందరు టెన్షన్ పడతారు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప మెలకువగా ఉన్న సమయాన్నే పంచుకుంటే సరిపోతుంది. మేం పెట్టుకున్న లెక్క ఇది: పొద్దున 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, రాత్రి 7, 10. ఫోన్‌లో అలారాలు పెట్టాను కానీ, నిజంగా పనికొచ్చింది గోడ మీది క్యాలెండర్. వేసిన ప్రతిసారీ ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఒక గీత. సాయంత్రానికి నాలుగు గీతలుంటే లెక్క సరి. అమ్మ వేసిందా, నేను వేశానా అనే వాదన లేదు.

శుక్లం ఆపరేషన్ చుక్కలను సాధారణంగా వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు వాడిస్తారు. కన్ను తేటగా ఉంది, చూపు బాగుంది కదా అని మధ్యలో ఒక్కసారిగా ఆపేయకండి. లోపలి వాపు తిరగబెడుతుంది. ఏ వారం ఎన్నిసార్లో మొదటి రోజే క్యాలెండర్‌లో రాసేయండి.

చేతులు వణికేవాళ్లకు, పిల్లలకు

చేయి వణికితే సీసా పట్టుకున్న చేతికి ఒక ఆసరా కావాలి. రెప్పను లాగిన చేతిని పిడికిలిలా చేసి చెంప మీద ఆనించండి, సీసా ఉన్న చేతి మణికట్టును ఆ పిడికిలి మీద ఆన్చండి. రెండు చేతులూ కలిసి కదులుతాయి కాబట్టి గురి తప్పదు. సీసా గట్టిగా ఉండి వేళ్ల నొప్పులవాళ్లకు నొక్కడం కష్టమైతే ఇంట్లో ఇంకొకరు వేయడమే మేలు. ఒంటరిగా ఉండేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెబితే తక్కువసార్లు వేసుకునే మందు గానీ, రెండు మందులు కలిసి ఉండే సీసా గానీ దొరుకుతుందేమో చూస్తారు.

పిల్లలతో కుస్తీ వద్దు. పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. ముక్కు పక్కన కంటి మూలలో చుక్క వేసి, "ఇప్పుడు కళ్ళు తెరువు నాన్నా" అంటే చాలు, తెరవగానే మందు లోపలికి జారుతుంది. పసిపిల్లలకు నిద్రలో కూడా ఇలాగే వేయొచ్చు. ఒక హెచ్చరిక: పెద్దవాళ్లకు నీటికాసుల కోసం ఇచ్చే బ్రిమొనిడిన్ చుక్కలు రెండేళ్లలోపు పిల్లలకు ప్రమాదం, మత్తుగా పడిపోయి ఊపిరి కూడా మందగిస్తుంది. తాతగారి సీసా మనవడి చేతికి అందకుండా పైన పెట్టండి.

కళ్లజోడు పరీక్షకు ముందు కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి చూపు మసగ్గా ఉంటుంది, వెలుతురు కొట్టొచ్చినట్టు తగులుతుంది. ఆ రోజు బండి మీద ఒక్కరే వెళ్లకండి, తోడు తీసుకెళ్లండి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు లెన్సు తీసి చుక్క వేసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ పెట్టుకోవాలి. చుక్కల్లో పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ను మెత్తటి లెన్సు పీల్చుకుని కంటికి అంటించి ఉంచుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే అసలు లెన్సే వద్దు.

28 రోజులు, ఒక్క మనిషి

సీసా మీద ఎక్స్‌పైరీ రెండేళ్ల తర్వాత ఉండొచ్చు. అది తెరవని సీసాకు. తెరిచాక చాలా చుక్కల మందులకు ఆయుష్షు నాలుగు వారాలే. కొన్నిటికి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, అట్ట పెట్టె మీద రాసి ఉంటుంది. తారీకు వేయమన్నది ఇందుకే. సగం మందు మిగిలినా పారేయండి. పోయిన కండ్లకలకప్పుడు మిగిలింది కదా అని ఇప్పుడు వాడటం అంటే సూక్ష్మక్రిములు చేరి ఉండగల నీళ్లను పుండు మీద పోసుకోవడమే.

2023లో అమెరికాలో జరిగింది గుర్తుచేయాలి. కన్ను పొడిబారితే వేసుకునే మామూలు కన్నీటి చుక్కలు, పాడవకుండా కలిపే మందు లేని రకం, ఎక్కువసార్లు వాడే సీసాల్లో అమ్మారు. వాటిలో మొండి బాక్టీరియా చేరింది. 18 రాష్ట్రాల్లో 81 మందికి ఇన్ఫెక్షన్ సోకితే 14 మంది చూపు కోల్పోయారు, నలుగురు చనిపోయారు. ఆ చుక్కలు తయారైంది మన దేశంలోనే. అక్కడ తప్పు తయారీలో ఉంది, వాడినవాళ్లది కాదు. కానీ కంటి మందు సీసా ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు. ఒకసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో వచ్చే రకం వాడుతుంటే, మిగిలింది రాత్రికి పనికొస్తుందని దాచకండి.

మందు రంగు మారినా, మడ్డిగా ఉన్నా, నలకలు తేలినా వాడొద్దు. కారు డాష్‌బోర్డు మీద, గ్యాస్ పొయ్యి పక్క అలమారాలో పెట్టొద్దు. మన ఎండల్లో ఆగిన కారు లోపల వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. నీటికాసులకు వాడే లాటనోప్రోస్ట్ చాలా కంపెనీలవి తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు చుక్కల సీసాలను, చీటీని చేతి సంచిలో పెట్టుకోండి. సూట్‌కేసు దారి తప్పితే అక్కడ చీటీ లేకుండా ఆ మందు దొరకదు.

ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు, భార్యాభర్తలైనా సరే. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కండ్లకలక ఇంటింటికీ తిరిగినప్పుడు ఒకే సీసా ఇల్లంతా వాడిన కుటుంబాలను చూశాను. తగ్గాల్సింది అందరికీ అంటుకుంది. ఒక కంటికే కలక ఉన్నప్పుడు కూడా రెండో కంటికి ముందు జాగ్రత్తగా అదే సీసా వేయడం అంటే జబ్బును చేత్తో మోసుకెళ్లి ఇవ్వడమే.

షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు

ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపుకెళ్లి "కళ్ళమంటకు ఏదైనా ఇవ్వు తమ్ముడూ" అనడం మనకు అలవాటు. అతను ఇచ్చే సీసాలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. పేరు చివర డీ అని ఉన్నవాటిలో చాలాసార్లు డెక్సామెథాసోన్ కలిపి ఉంటుంది. వేస్తే త్వరగానే ఎరుపు తగ్గుతుంది, దురద పోతుంది. మంచి మందు అనిపిస్తుంది. అందుకే అది ప్రమాదం.

వేసవి రాగానే కొందరు పిల్లలకు కళ్ళు దురద, రుద్దుకోవడం, తీగలు సాగే పుసులు మొదలవుతాయి. అలర్జీ అది. ఏటా వస్తుంది. తల్లి పాపం పోయినసారి సీసా ఖాళీదే పట్టుకుపోయి అదే కావాలంటుంది. ఇలా నెలల తరబడి స్టెరాయిడ్ పడితే కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పీ ఏమీ తెలియకుండానే కంటి నరం దెబ్బతింటుంది. చిన్న వయసులోనే శుక్లమూ రావచ్చు. పదేళ్ల పిల్లవాడికి తాతకు రావాల్సిన జబ్బులు. పోయిన నరం తిరిగి రాదు. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, ఆపరేషన్ తర్వాత అదే కంటిని కాపాడుతుంది. కానీ డాక్టర్ ఒత్తిడి కొలుస్తూ వాడించాల్సిన మందు. చట్టప్రకారం చీటీ లేకుండా అమ్మకూడనిది.

పొలంలో పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వరి ఆకు గీసుకున్నా, నూర్పిళ్లలో పొట్టు పడినా ఆ గాయంలోకి ఫంగస్ చేరవచ్చు. దాని మీద స్టెరాయిడ్ పడితే ఫంగస్‌కు ఎరువు వేసినట్టే. నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే ఒక్క చుక్క కూడా వేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చనుబాలు, ఆముదం, తేనె, ఆకు పసరు కంట్లో వేయకండి. ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు, మా నాయనమ్మా వేసేది. కానీ వాటిలో సూక్ష్మక్రిములుంటాయి, పుండు పడిన కంటికి అవి చాలు.

సున్నం పడితే మందు కోసం వెతకకండి. కిళ్లీ సున్నం ట్యూబు నొక్కితే చిమ్మి కంట్లో పడటం పిల్లల్లో తరచూ జరిగేదే. కుళాయి కింద గానీ, చెంబుతో గానీ ధారగా నీళ్లు పోస్తూ కనీసం పావుగంట, వీలైతే అరగంట కడగండి. రెప్పలు పైకెత్తి లోపల ఇరుక్కున్న సున్నం ముక్కలు పోయేలా కడగాలి. ఆ తర్వాతే ఆటో ఎక్కండి.

మానకూడని చుక్కలు

నీటికాసుల చుక్కలు వేసుకుంటే చూపు మెరుగవదు. నొప్పి కూడా ఉండదు కాబట్టి తగ్గినట్టూ తెలియదు. "ఏడాదిగా వేసుకుంటున్నా, తేడా ఏం లేదు" అని మానేసేవాళ్లు చాలామంది. తేడా లేకపోవడమే ఆ మందు చేస్తున్న పని. ఉన్న చూపును ఉన్నట్టే నిలబెడుతోంది. సీసా అడుగంటకముందే ఇంకొకటి తెచ్చి పెట్టుకోండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి సమయం దగ్గర పడితే ఆ ఒక్కటే వేసుకోండి, రెండు పూటలవీ కలిపి రెండు చుక్కలు వేయకండి. ఖర్చు భారమైతే మానేసే బదులు ఆ మాటే డాక్టర్‌తో అనండి, తక్కువ ధర రకాలున్నాయి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

వేసిన నిమిషం కాస్త మండటం, చూపు మసకేయడం మామూలే. రెప్పలు ఉబ్బి, కంటి చుట్టూ చర్మం ఎర్రబడి దురద పెడితే ఆ మందు పడలేదన్నమాట, ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. కంట్లో నొప్పి పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా రేపటిదాకా ఆగకండి. ఆపరేషన్ అయిన కంటిలో తగ్గిన ఎరుపు మళ్లీ పెరిగితే, పుసి పడితే అదే రోజు, ఆదివారమైనా సరే, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. చుక్కలు వేశాక ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగి పడబోయినా అది కంటి సమస్య అనుకోవద్దు, దగ్గర్లోని ఏ ఆసుపత్రికైనా వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ, ఖాళీ అయినవి కూడా, చీటీతో సహా ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. "తెల్ల సీసా, నీలం మూత" అని చెబితే డ్యూటీ డాక్టర్‌కు ఏమీ తెలియదు.